మరెక్కడ పొయ్యమంటారండి?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, నీటిపారుదల విభాగంలో పనిచేసి రిటైరయిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "ఇంగ్లండు వెళ్లి వచ్చారు కదా, ఆ యాత్రా విశేషాలు ఓ పావుగంట చెప్పండి" అన్నారు. లండన్ గడియారం, రాణిగారి కోట మీరందరూ టీవీలో చూసినవే. నేను ముప్ఫై నాలుగేళ్లు కాలవ గట్ల మీద తిరిగినవాణ్ణి. అక్కడికి వెళ్లినా నా కాళ్లు కాలవ గట్టుకే పోయాయి. కనుక కాలవ గురించే చెబుతాను. ఇవాళ్టి అజెండాలో ఐదో అంశానికీ దీనికీ సంబంధం ఉంది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

మా అమ్మాయి, అల్లుడు మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో ఉంటారు. 2024 వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడ ఐదు నెలలున్నాం. వాళ్లింటికి పది నిమిషాల నడక దూరంలో గ్రాండ్ యూనియన్ కాలవ పోతుంది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా 137 మైళ్లు. మొదటిరోజు సాయంత్రం అక్కడ లాకు తలుపులు చూడగానే నాకు మన ధవళేశ్వరం గుర్తొచ్చింది. ఆశ్చర్యమేముంది? 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేసిన కాటన్ దొర ఆ దేశం వాడే కదా. కాస్‌గ్రోవ్ దగ్గర 1811లో కట్టిన ఇనుప తొట్టిలో కాలవ నది మీదుగా దాటుతుంది. మన గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకి దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఫెనీ స్ట్రాట్‌ఫర్డ్ లాకులో నీటిమట్టం తేడా అడుగు పైన ఒక అంగుళం మాత్రమే. ఆ అడుగు కోసం ఒక లాకు! మా అమ్మాయి "ఏమిటి నాన్నా, రోజూ ఆ తలుపుల కేసి చూస్తారు?" అని నవ్వేది.

ఒక్క తేడా. మన లాకుల మీద లస్కర్లుండేవారు. అక్కడ చాలా లాకుల దగ్గర ఎవరూ ఉండరు. పడవలో వచ్చినవాళ్లే దిగి, ఇనుప పిడి తగిలించి, షట్టర్లు తిప్పి, నీళ్లు నింపుకుని, తలుపులు భుజంతో నెట్టి వెళ్లిపోతారు. ఒక పెద్దాయన ఒంటరిగా ఆ పని చేసుకుంటూ ఆయాసపడుతుంటే నేను వెళ్లి ఒక చెయ్యి వేశాను. అలా పరిచయం.

ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. డెబ్భై దాటాయి. భార్య పోయింది. ఇల్లు లేదు. పడవే ఇల్లు. పడవ వెడల్పు ఏడడుగుల లోపు, పొడవు యాభై ఏడడుగులు. మన రైలు పెట్టెలో కూపేలు వరసగా ఉన్నట్టు వంటిల్లు, బొగ్గు పొయ్యి, మంచం, స్నానాలగది. పైకప్పు మీద కట్టెలు, పూలకుండీలు, సైకిలు. నన్ను లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. "మీరు ఎక్కడ ఉంటారని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?" అన్నాను. "ఈ పధ్నాలుగు రోజులూ ఇక్కడ" అన్నాడు.

ఆ పధ్నాలుగు రోజుల సంగతి కొంచెం చెప్పాలి.

అక్కడి కాలవలు 1948లో జాతీయం అయ్యాయి. 1963 నుంచి బ్రిటిష్ వాటర్‌వేస్ అనే ప్రభుత్వ సంస్థ చూసింది. 2012 జూలైలో ఇంగ్లండు, వేల్సు కాలవలను కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే ధర్మసంస్థకు అప్పగించారు. సుమారు రెండు వేల మైళ్ల జలమార్గాలు, సుమారు 35,000 పడవలు దాని కింద ఉన్నాయి. పడవకి లైసెన్సు కావాలంటే 1995 నాటి చట్టం ప్రకారం మూడు ఉండాలి. ఒకటి, పడవ భద్రంగా ఉందన్న సర్టిఫికెట్టు. రెండు, ఇన్సూరెన్సు. మూడు, పడవ కట్టుకోవడానికి సొంతంగా ఒక రేవు. ఆ రేవు లేకపోతే, నిజంగా ప్రయాణం చేస్తూనే ఉండాలి. ఒకే చోట పధ్నాలుగు రోజులకు మించి ఉండకూడదు. తగిన కారణం ఉంటే మరికొన్నాళ్లు ఉండొచ్చు. ఇలా రేవు లేకుండా తిరిగేవాళ్లు దాదాపు నాలుగో వంతు. లండన్‌లాంటి చోట్ల అద్దెలు కట్టలేక పడవెక్కిన కుర్రవాళ్లూ వీళ్లలో ఉన్నారు.

తగాదా అంతా "ఒకే చోట" అన్న మాట దగ్గర వచ్చింది. చోటు అంటే ఏమిటి? ఈ వంతెన నుంచి ఆ వంతెన దాకానా? ఈ ఊరా? ఎంత దూరం జరిగితే జరిగినట్టు? చట్టంలో మైళ్ల లెక్క లేదు. కొద్ది మైళ్ల మధ్యే అటూ ఇటూ జరుగుతున్న ఒకాయన మీద కేసు వేస్తే, అది నిజమైన ప్రయాణం కాదని 2011లో బ్రిస్టల్ కోర్టు చెప్పింది. లైసెన్సు కాలంలో ఇరవై మైళ్ల మేరయినా తిరగాలని ట్రస్టు అంటుంది. చట్టంలో లేని లెక్క మీరెలా పెడతారని పడవవాళ్లు అంటారు. లైసెన్సు పోతే 1983 చట్టం కింద ఇరవై ఎనిమిది రోజుల నోటీసిచ్చి పడవను కాలవలోంచి తీసేయవచ్చు. అందులో మనిషి కాపురముంటే కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటారు. తీసేసేది పడవనే, కాని ఆ మనిషికి పోయేది ఇల్లు.

మా పెద్దాయనకు తుంటి ఎముక ఆపరేషను కావాలి. ఆస్పత్రి ఈ ఊళ్లో. పడవ మాత్రం జరుగుతూ ఉండాలి. పిల్లలున్నవాళ్ల పరిస్థితీ అంతే. బడి ఒక చోట, పడవ ఒక చోట. వృద్ధులు, వికలాంగులు అర్జీ పెట్టుకుంటే సమానత్వ చట్టం కింద వాళ్లకు తగిన సడలింపు ఇవ్వాలి. ఆయన పెట్టుకున్నాడు. వేసవి చివరలో ఉత్తరం వచ్చింది, వసంతకాలం దాకా ఎక్కువ దూరం జరగక్కర్లేదని. ఆ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మంచం కింద పెట్టాడు. మనం పీపీఓ కాగితాన్ని దాచుకునే పద్ధతే.

ఇక రెండో తగాదా. సభలో చెప్పదగిన మాట కాదని అనుకోకండి. మురుగు సంగతి.

ఇంట్లో మనం గొలుసు లాగితే చాలు, ఎక్కడికి పోయిందో చూడం. పడవలో ఆ సుఖం లేదు. గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు కాలవలోకే పోతాయి. దానికి అక్కడ అభ్యంతరం లేదు. మరుగుదొడ్డి మాత్రం కాలవలోకి వదలకూడదు. చాలామంది పడవలో ఇరవై లీటర్ల లోపు పెట్టె ఒకటి ఉంటుంది. అది నిండితే చేత్తో మోసుకెళ్లి, గట్టు పక్కన కట్టిన ప్రత్యేకమైన తొట్లో పొయ్యాలి. దాన్ని ఎల్సాన్ పాయింటు అంటారు. పెద్ద ట్యాంకు ఉన్న పడవలైతే పంపు పెట్టి లాగిస్తారు, దానికి సాధారణంగా డబ్బు కట్టాలి. చెత్తకు వేరే డబ్బాలు, మంచినీళ్లకు కుళాయి. పడవవాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. అదొక్కటే ట్రస్టు కాలవల గట్ల మీద దాదాపు ఎక్కడైనా ఈ గదుల తలుపు తీస్తుంది. ఆ ఏర్పాటు చూసి నాకు చాలా ముచ్చటేసింది.

కాని ఏర్పాటు ఉన్నంత మాత్రాన తగాదా తీరదు. ఆ గదులు ఒకదానికొకటి మైళ్ల దూరం. ఒకటి పాడైతే పెట్టె నిండిన మనిషి గతి ఏమిటి? చెత్త డబ్బాల దగ్గర బయటివాళ్లు రాత్రిపూట కారులో వచ్చి పాత పరుపులు, విరిగిన కుర్చీలు పడేసి పోతారు. పేరు మాత్రం పడవవాళ్లది. పట్నం వాళ్లంటారు: "మేము ఇంటిపన్ను కడుతున్నాం, వీళ్లు కట్టరు. పొయ్యి పొగ, జనరేటరు మోత మాకు." పడవవాళ్లంటారు: "మేము లైసెన్సుకి ఏటా వెయ్యి పౌండ్లకు పైనే కడుతున్నాం. మా చెత్త తీసేది మీ మునిసిపాలిటీ కాదు, మా లైసెన్సు డబ్బు."

వీటన్నిటిలోకీ నాకు ఆలోచన రేపింది మరొకటి. కొందరు పడవవాళ్లు రసాయనాలు, నీళ్లు వాడని ఎండు మరుగుదొడ్లు పెట్టుకున్నారు. ద్రవం వేరు, ఘనం వేరు. ఘనాన్ని కొబ్బరిపొట్టులాంటి వాటితో కలిపి ఎరువు చేస్తారు. కాలవకు మేలు, నేలకు మేలు అని వాళ్ల నమ్మకం. కాని అది పూర్తిగా ఎరువు కావడానికి ఏడాది పడుతుంది. అంతకాలం దాచుకునే చోటు పడవలో ఏది? చాలామంది సంచిలో కట్టి చెత్తడబ్బాలో వేసేవారు. అలా వేసేవాళ్లు పెరిగారు. 2021 చివరి నుంచి అలాంటి సంచులు తమ డబ్బాల్లో వేయకూడదని ట్రస్టు చెప్పింది. మంచి చేస్తున్నామనుకున్నవాళ్లు ఒక్కరోజులో తప్పు చేసినవాళ్లయ్యారు. అయితే డబ్బాలు ఎత్తే కూలివాడి వైపు నుంచి చూడండి. ఆ సంచి చిరిగితే చేతికి అంటేది వాడికి. ఇద్దరి మాటా న్యాయమే.

ఆ పెద్దాయనకు ఎదురుగట్టున ఒకావిడ పడవ ఉండేది. ఆమెకు సొంత రేవుంది. దానికి ఏటా వేలల్లో అద్దె కడుతుంది. ఒకరోజు ఆమె నాతో అంది: "ఆయన మంచివాడే. కాని నేను రేవుకి అద్దె కడతాను, ఆయన కట్టడు. గట్టు మాత్రం ఇద్దరమూ వాడతాం. ఇదేం న్యాయం?" ట్రస్టు కూడా ఆ లెక్కే చెప్పింది. 2024 ఏప్రిల్ నుంచి రేవు లేని పడవల లైసెన్సు మీద అదనంగా 5 శాతం వేసింది. ఏటా పెంచుకుంటూ 2028కి 25 శాతం చేస్తామని ప్రకటించింది. సంచార పడవవాళ్ల సంఘం ఊరేగింపులు చేసింది. అటు ప్రభుత్వం 2023లో ఒక మాట చెప్పింది. 2027 నుంచి పదేళ్లకు కలిపి ఇచ్చే గ్రాంటు సుమారు 40 కోట్ల పౌండ్లే. ధరలు పెరిగే కొద్దీ దాని విలువ కరిగిపోతుంది. రెండు వందల ఏళ్లనాటి గట్లు, తలుపులు ఎవరి డబ్బుతో నిలబడాలి? 2024 చివర్లో, మేము తిరిగి వచ్చాక, లైసెన్సుల పద్ధతి మొత్తం పరిశీలించడానికి ఒక స్వతంత్ర సంఘాన్ని వేస్తున్నట్టు ట్రస్టు ప్రకటించిందని చదివాను.

ఇది కొత్త గొడవ కూడా కాదు. నూట యాభై ఏళ్ల క్రితం ఆ కాలవల మీద బొగ్గు మోసే కుటుంబాలు పడవ చివర చిన్న గదిలో పిల్లాపాపలతో కాపురముండేవి. జార్జి స్మిత్ అనే ఆయన వాళ్ల దుస్థితి గురించి 1875లో పుస్తకం వేశాడు. దాని మీద 1877లో చట్టం వచ్చింది. పడవను ఇల్లుగా రిజిస్టరు చేయాలి, ఎంతమంది ఉండొచ్చో రాయాలి, శుభ్రత చూడాలి. 1884లో తనిఖీలు, పిల్లల చదువు మీద మరింత పట్టు వచ్చింది. ఆ చట్టంలో కనికరమూ ఉంది, వాళ్లు మురికివాళ్లన్న అనుమానమూ ఉంది. లైసెన్సు, మురుగు అప్పటినుంచీ ఒకే కాగితం మీద ఉన్నాయి. మనకూ ఆ వాసన అంటింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పడవల లైసెన్సులకు, రేవులకు 1890లో చట్టం చేశారు. కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలవల మీద పడవలు నడిచిన రోజులు మా నాన్నగారి తరం చూసింది. గట్టు మీద తాడు పట్టి నడుస్తూ పడవను లాగేవాళ్లు. వాళ్ల వంట, పడక అన్నీ పడవలోనే.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఊరి పేరు చెప్పను.

నేను సెక్షను ఆఫీసరుగా ఉన్న రోజుల్లో, ఒక వంతెన పక్కన కాలవ గట్టు మీద పన్నెండు గుడిసెలుండేవి. కాలవ దిగువన మంచినీళ్ల చెరువు నిండేది ఆ నీళ్లతోనే. ఊళ్లోవాళ్లు ఫిర్యాదు చేశారు. నేను మూడువందలు ఖర్చుపెట్టి బోర్డు రాయించాను: "కాలువలో చెత్త, మలినములు వేయరాదు. వేసినవారు శిక్షార్హులు." బోర్డు పాతుతుంటే ఒక ముసలమ్మ గుడిసెలోంచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. లస్కరు చదివి వినిపించాడు. ఆమె నాకేసి చూసి అంది:

"కాలవలో పొయ్యద్దన్నారు, బాగానే ఉందండి. గట్టు మీదా పొయ్యద్దన్నారు. రోడ్డు మీద పోస్తే ఊళ్లోవాళ్లు కొడతారు. మరెక్కడ పొయ్యమంటారండి?"

నా దగ్గర సమాధానం లేదు. "అదంతా నాకు తెలీదు" అన్నాను. రెండు నెలల తర్వాత గుడిసెలు తొలగించమని నోటీసు మీద సంతకం పెట్టింది కూడా నేనే. నిబంధన ప్రకారం అందులో తప్పు లేదు. పన్నెండు కుటుంబాలు ఎక్కడికి పోయాయో నేను కనుక్కోలేదు. మరుసటి వేసవిలో కాలవ కట్టేసినప్పుడు చూస్తే, అడుగున అంత చెత్తా అలాగే ఉంది. అప్పుడు అర్థమయింది. వేసింది ఆ పన్నెండు గుడిసెలే కాదు, ఊరు ఊరంతా. ఆ గుడిసెలు కళ్లకు కనబడ్డాయి, మిగతావాళ్లు కనబడలేదు. అంతే తేడా.

ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంగ్లండు కాలవ గట్టు మీద, ఆ పెద్దాయన తన పెట్టెను తోపుడు బండి మీద పెట్టుకుని మెల్లగా నెట్టుకుంటూ పోతుంటే, నాకు ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. ఆయనకు నోటీసులున్నాయి, పన్నులున్నాయి, తగాదాలున్నాయి. కాని "మరెక్కడ పొయ్యమంటారు" అని అడిగితే చూపించడానికి ఒక తొట్టి ఉంది, దానికి ఒక తాళంచెవి ఉంది. ముందు తొట్టి, తర్వాత నిబంధన. ఆ తొట్టి దూరమైనప్పుడు, పాడైనప్పుడు, మూసేసినప్పుడే అక్కడ కూడా తగాదా ముదురుతోంది.

ఇక ఐదో అంశం. మన సంఘ భవనం వెనక కాలవ గట్టు మీద ఉన్న తొమ్మిది కుటుంబాలను చెత్త, దుర్వాసన కారణంగా తొలగించాలని వినతిపత్రం తయారయింది. సంతకాలు ఇవాళే. అందులో మన బాధ అబద్ధం కాదు. కిటికీ తెరవలేకపోతున్నాం. నడకకు వెళ్లేవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు. ఆ నీళ్లే తాగే ఊళ్లున్నాయి.

నిన్న ఉదయం నేను వెళ్లి చూసి వచ్చాను. వంతెన నుంచి మన గోడ దాకా ఒక్క చెత్తకుండీ లేదు. చెత్త బండి మన గేటు దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది, గట్టు మీదికి రాదు. ఆ తొమ్మిది కుటుంబాలకు మరుగుదొడ్డి లేదు. పోయిన నెల మన సమావేశంలో భోజనాలు చేసిన ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు ఆ గట్టు కిందే కనబడ్డాయి. మన సంఘం పేరున్న బ్యానరు ముక్క కూడా వాటిలో ఉంది.

ఎవరినీ నొప్పించడానికి చెప్పడం లేదు. నేను కూడా ఆ భోజనం చేసినవాణ్ణే.

కనుక నా సవరణ ఇది. వినతిపత్రంలో తొలగింపు మాట తీసేసి, మూడు కోరికలు పెడదాం. గట్టు మీద రెండు చెత్తకుండీలు, వారానికి మూడుసార్లు బండి. ఆ కుటుంబాలకు స్థలం చూపించేవరకు ఒక సామూహిక మరుగుదొడ్డి. మన భవనం చెత్తను మనమే బండికి అప్పగిస్తామన్న హామీ. ఆర్నెల్లు చూద్దాం. అప్పటికీ మారకపోతే, మళ్లీ ఇదే సభలో మాట్లాడుకుందాం. ఆ రోజు ఎవరైనా మనల్ని "మరెక్కడ పొయ్యమంటారు" అని అడిగితే, చేత్తో చూపించడానికి మనకొక చోటుంటుంది.

మనలో చాలామందికి నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్టు బెంగ. మనం బతికే ఉన్నామని, ఫలానా చోటే ఉన్నామని కాగితం మీద చూపించుకోవాలి. మనకు చిరునామా ఉంది గనుక ఆ బెంగ ఏటా ఒక్కరోజుతో తీరుతుంది. ఆ పడవ పెద్దాయనకూ, ఈ గట్టు మీది వాళ్లకూ అది రోజూ ఉండే బెంగ.

పోయిన వారం పెద్దాయన దగ్గర నుంచి మా అమ్మాయి ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. ఆపరేషను అయింది. చేతికర్రతో లాకు పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు నెట్టడానికి ఈసారి మరెవరో చెయ్యి వేశారట.

 సవరణ మీ ముందుంది. సెలవు.